పసరు మందైనా పరీక్షకు నిలబడాలి
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. అప్పుల రికవరీ లెక్కలు విని విని అందరికీ ఆకలి అవుతున్న టైములో నాకు మైకు ఇచ్చారు. అయినా ఫర్వాలేదు, కొంచెం ఓపిక పట్టండి. ఎజెండాలో ఏడో అంశం చూశారు కదా, "సమాఖ్య పేరు మీద మూలికల షుగర్ పొడి తయారీ, అమ్మకం". దాని మీద చేతులెత్తే ముందు మీకు ఒక సంగతి చెప్పాలి. అది నా తప్పు సంగతి. పోయిన ఏడాదే చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు.

మా సంఘంలో పది మందిమి. ఐదుగురికి షుగర్ ఉంది. రెండేళ్ల కిందట సంతరోజు ఒకాయన వ్యాన్ పెట్టుకుని వచ్చి పొడి ప్యాకెట్లు అమ్మాడు. మొత్తం ప్రకృతి మూలికలే, ఏ హానీ ఉండదు, మూడు నెలలు వాడితే ఇంగ్లిష్ మాత్రలతో పనే ఉండదు అన్నాడు. ప్యాకెట్ ఆరు వందలు, నెలకి ఒకటి. లీడర్ని కదా, మన వాళ్లకి మంచి చేద్దామనుకున్నాను. సంఘం సొంత నిధి నుంచి మనిషికి పద్దెనిమిది వందల చొప్పున ఐదుగురికి తొమ్మిది వేలు అంతర్గత అప్పు రాయించాను. అవసరం అనే గడిలో "వైద్యం" అని రాశాం. మినిట్స్ బుక్‌లో కింద నా సంతకమే ఉంది, ఇప్పటికీ ఉంది.

నెలన్నర తర్వాత మీటింగులో ముగ్గురు లేచి "నాకు షుగర్ తగ్గింది" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు విని నాలుగో అక్క ఇంటికెళ్లి తన బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు వేరు చేసి షుగర్ మాత్రలు ఆపేసింది. నాలుగు నెలలకి ఆమె కాలికి వేరుశనగ చేలో ముల్లు దిగింది. దిగినట్టు కూడా తెలియలేదు ఆమెకి, పాదం మొద్దుబారిపోయి ఉంది. పుండు పడి, నల్లబడి, నెల్లూరు తీసుకుపోతే రెండు వేళ్లు తీసేశారు. ఆ అక్క ఇప్పుడు ముందు వరసలో కూర్చుని ఉంది. నా పేరు చెప్పొద్దు గానీ సంగతి మాత్రం చెప్పు అని ఆమే నన్ను పంపించింది.

తర్వాత నేను ఆ ముగ్గురి దగ్గరకీ పోయి కూర్చుని అడిగాను, అసలు ఎలా తగ్గింది అని. అప్పుడు తెలిసిన సంగతులు వినండి. మొదటామె, ముందు పరీక్ష మధ్యాహ్నం అన్నం తిన్నాక చేయించుకుంది. రెండో పరీక్ష పొద్దున్నే పరగడుపున. తిన్నాక ఉండే అంకె వేరు, పరగడుపు అంకె వేరు. రెండూ పక్కపక్కన పెట్టి తగ్గిందనుకుంది. రెండో ఆమె ఆ నెలంతా కోతలకి పోయింది, రోజుకి నాలుగు మైళ్లు నడక, ఎండలో వంగి పని. పైగా పొడి తాగే పథ్యం అని టీలో చక్కెర మానేసింది. మూడో ఆమె సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అంతకు ముందు వారంలో రెండు మూడు రోజులు మాత్ర మర్చిపోయేదట. పొడి వచ్చాక పొడి టైముకి మాత్ర కూడా గుర్తొచ్చి రోజూ వేసుకుందట! మరి తగ్గింది పొడి వల్లనా, మాత్ర వల్లనా?

ఐదో ఆమె ఒకతి ఉంది కదా. ఆమెకి ఏమీ తగ్గలేదు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "లీడరమ్మ తెచ్చింది, అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేను ఒక్కదాన్నే తగ్గలేదని ఎట్లా చెప్పేది" అనింది.

చూడండి, మా సంఘంలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా అందరం కలిసి ఒక అబద్ధాన్ని నిజం చేశాం. తగ్గినవాళ్లు మాట్లాడతారు, తగ్గనివాళ్లు ఊరుకుంటారు. టీవీలో, ఫోన్ వీడియోల్లో వచ్చేదీ ఇదే. పది వేల మంది వాడితే బాగైన పది మందినే చూపిస్తారు.

అప్పటి నుంచి నాకు ఒకటే ప్రశ్న. ఫలానా ఆకు, ఫలానా గింజ నిజంగా పని చేస్తుందో లేదో ఎట్లా తేలుస్తారు? నేను పదో తరగతి దాకానే చదివాను. మా ఆడబిడ్డ కూతురు బి.ఫార్మసీ చదువుతోంది. దాన్ని కూర్చోబెట్టి అడిగాను, డాక్టరమ్మ గారిని కూడా చాలాసార్లు విసిగించాను. వాళ్లు చెప్పింది నాకు అర్థమైన మాటల్లో చెప్తాను.

దాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. మనుషుల మీద చేసే మందు పరీక్ష. ఒకే రకం జబ్బు ఉన్నవాళ్లని పోగు చేస్తారు. వాళ్లని రెండు జట్లు చేస్తారు. ఎవరు ఏ జట్టు అనేది డాక్టరు ఇష్టం కాదు, రోగి ఇష్టం కాదు. చీటీలే. బ్యాంకు లింకేజీ డబ్బు వచ్చినప్పుడు ముందు ఎవరికి అని తేలకపోతే మనం చీటీలు వేయమా, అట్లానే. ఎందుకంటే, ఇష్టం ఉన్నవాళ్లనే ఒక జట్టులో వేస్తే వాళ్లు మామూలుగానే పథ్యం చేసేవాళ్లు, నడిచేవాళ్లు అయి ఉంటారు. మా రెండో ఆమె లాగా. చీటీలు వేస్తే కోతలకి పోయేవాళ్లు, ఇంట్లో ఉండేవాళ్లు, మాత్ర మర్చిపోయేవాళ్లు రెండు జట్లలోనూ ఇంచుమించు సమానంగా పడతారు. ఒక జట్టుకి మందు, ఇంకో జట్టుకి చూడ్డానికి అట్లాగే ఉండే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికి తెలియదు, మంచి పరీక్షల్లో ఇచ్చే డాక్టరుకీ తెలియదు. తెలిస్తే మనసు ఆడించే ఆటలు ఉంటాయి కదా. కషాయం తాగిన తృప్తికే సగం నొప్పి తగ్గినట్టు ఉంటుంది మనకి. చివర్లో రెండు జట్లనీ ఒకే పరీక్షతో, ఒకే వేళకి కొలుస్తారు. మధ్యలో మానేసిన వాళ్లని, తగ్గని వాళ్లని కూడా లెక్కలో చూపించాలి. మా ఐదో ఆమె అక్కడ ఊరుకుంటే కుదరదు, ఆమె అంకె కూడా కాగితం మీదికి రావాల్సిందే.

ఇంతవరకు విని, "అయితే నాటు వైద్యం అంతా వట్టిదేనా?" అని మీరు అడగొచ్చు. కాదు. అదే నేను చెప్పొచ్చేది. మెంతుల సంగతి తీసుకుందాం, మన ఏడో అంశంలో పొడికి మెంతులే ముఖ్యం కాబట్టి.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు మెంతుల మీద ఎప్పుడో పని చేశారు. 1990లో అచ్చయిన ఒక పరీక్షలో, ఇన్సులిన్ మీద ఉన్న పది మంది రోగులకి నూనె తీసిన మెంతి పొడి రోజుకి 100 గ్రాములు, రెండు పూటలా భోజనంలో కలిపి, పది రోజులు ఇచ్చారు. అదే మనుషులకి మెంతులు లేని భోజనం కూడా పది రోజులు పెట్టి పోల్చారు. మెంతులు తిన్న రోజుల్లో పరగడుపు షుగర్ తగ్గింది. సంతోషమే. కానీ రోజుకి వంద గ్రాముల మెంతులమ్మా! మనం పులుసులో చిటికెడు ఎక్కువ పడితేనే ఇంట్లో గిన్నెలు ఎగురుతాయి. పైగా పది మంది, పది రోజులు. అది ఆశ కలిగించే మాటే గానీ తేలిన మాట కాదు.

తర్వాత 2015లో అచ్చయిన ఇంకో పరీక్ష, ఇది కూడా మన తెలుగు డాక్టర్లు చేసిందే. దీంట్లో 140 మంది. వీళ్లకి షుగర్ జబ్బు ఇంకా రాలేదు, హద్దు మీద ఉన్నారు. ఒక జట్టుకి మెంతి పొడి రోజుకి 10 గ్రాములు, అంటే పూటకి 5 గ్రాముల చొప్పున రెండు పూటలా భోజనం ముందు. ఇంకో జట్టుకి మెంతులు లేవు. ఎన్నాళ్లనుకున్నారు? మూడేళ్లు చూశారు. మెంతులు తీసుకోని జట్టులో షుగర్ జబ్బుగా మారే అవకాశం 4.2 రెట్లు ఎక్కువ ఉందని తేలింది.

ఇది విని మా సంఘంలో ఒక చెల్లెలు "అదిగో, మరి మెంతులు పని చేస్తాయి కదా" అని ఎగిరింది. నేనూ ఎగిరాను. డాక్టరమ్మ నవ్వి, మళ్లీ చదవండి అన్నారు. మళ్లీ చదివితే కనబడింది. వీళ్లు హద్దు మీద ఉన్నవాళ్లు. మాత్రలు వాడుతున్న మా అక్క లాంటి వాళ్లు కాదు. మాత్ర ఆపి మెంతులు తినండి అని ఆ పరీక్షలో ఎవరూ చెప్పలేదు, ఎవరూ రుజువు చెయ్యలేదు. 140 మంది అంటే పెద్ద సంఖ్య కూడా కాదు, ఇంకా పెద్ద పరీక్షల్లో నిలబడాలి. మెంతులకి ఉన్న వాసనకి, చేదుకి ఉత్తుత్తి పొడితో ఏమార్చడం కూడా కష్టమే. ఒకటి మాత్రం నాకు నచ్చింది, వాళ్లు "మీకు ఎట్లా ఉందమ్మా" అని అడిగి ఊరుకోలేదు, రక్తం తీసి కొలిచారు. ఇంకో మాట, షుగర్ మాత్రలు వేసుకుంటూ దాని మీద మెంతి పొడి ఎక్కువగా తీసుకుంటే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. గర్భిణులు మందు మోతాదులో తీసుకోకూడదు. కూరలో, పచ్చడిలో వేసుకునే దానికి భయం లేదు.

చెట్టు మందు పరీక్షకి నిలబడి ప్రపంచాన్ని కాపాడిన కథ కూడా ఉంది. చైనాలో తు యూయూ అనే ఆవిడ. వాళ్ల పాత వైద్య గ్రంథాల్లో జ్వరానికి వాడే ఒక మొక్క మీద పని చేసింది. మన వినాయక చవితి పత్రిలో మాచీపత్రం ఉంటుందే, ఆ జాతిదే ఆ మొక్క. వేడి చేసి తీస్తే గుణం పోతోందని కనిపెట్టి, తక్కువ వేడిలో సారం తీసింది. 1972లో రోగులకి ఇచ్చే ముందు తను తాగి చూసుకుంది, తన తోటివాళ్లు కూడా తాగారు. ఆ తర్వాతే రోగులకి. ఈ రోజు మలేరియా వస్తే పీహెచ్‌సీలో ఇచ్చే ముఖ్యమైన మాత్రల్లో ఆ మొక్క నుంచి వచ్చిన మందే ఉంటుంది. 2015లో ఆవిడకి నోబెల్ బహుమతి వచ్చింది. అట్లాగని మలేరియాకి మాచిపత్రి కషాయం కాచుకోకండి. ఏ మొక్క, ఏ సారం, ఎంత మోతాదు అన్నది తేలడానికే అంత కష్టపడ్డారు వాళ్లు.

తలకిందులైన కథ ఇంకోటి. క్యారెట్ మంచిదని మనందరికీ తెలుసు. క్యారెట్‌కి ఆ రంగునిచ్చే పదార్థాన్ని బీటా కెరోటిన్ అంటారు. అది ఉన్న కూరగాయలు తినేవాళ్లకి క్యాన్సర్ తక్కువ అని చూసి, మాత్ర చేసి ఇస్తే ఇంకా మంచిది కదా అనుకున్నారు. ఫిన్లండ్ దేశంలో సిగరెట్ తాగే 29,133 మంది మగవాళ్లని చీటీల పద్ధతిలో జట్లు చేసి ఏళ్ల తరబడి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర తీసుకున్న జట్టులో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం పెరిగింది. పరీక్ష చెయ్యకపోయుంటే ఈ పాటికి ఆ మాత్రని పొగతాగేవాళ్లందరికీ ఆరోగ్యం అని పంచుతుండేవాళ్లు. సహజమైంది కాబట్టి హాని చెయ్యదు అనే మాట నేను అప్పటి నుంచి అనడం మానేశాను. గన్నేరు కాయ కూడా సహజమే.

మన జిల్లా సంగతి మాట్లాడకపోతే మీరు ఊరుకోరు. 2021 మే నెల కృష్ణపట్నం. మన మండలం నుంచి ఎంత మంది పోయారో నాకు తెలుసు, మా ఆయన కూడా క్యూలో నిలబడ్డాడు. ఆక్సిజన్ దొరక్క జనం అల్లాడుతున్న రోజులు, ఎవర్నీ తప్పు పట్టను. ఆ నెలాఖరుకి ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా మందులకి అనుమతి ఇచ్చింది. కానీ ఏమని ఇచ్చింది? హాని లేదని నివేదిక వచ్చింది గానీ, దాని వల్ల కరోనా తగ్గుతుందని నిర్ధారణ లేదు, డాక్టర్లు ఇచ్చిన మందులు ఆపొద్దు అని చెప్తూ ఇచ్చింది. మనం మొదటి సగం విన్నాం, రెండో సగం వినలేదు. "హాని లేదు" అంటే "పని చేస్తుంది" అని కాదు. ఈ రెండింటి మధ్య తేడా ఒక్కటి పట్టుకుంటే చాలు, సగం వ్యాపారాలు మన ఊరి పొలిమేరలోనే ఆగిపోతాయి.

ట్రయల్ అనే మాట వినగానే కొంతమందికి భయం కూడా ఉంది. మొన్న గ్రామ సంఘంలో ఒక పెద్దమ్మ "అంటే మనల్ని కోతుల్లాగా వాడుకుంటారు" అనింది. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ఒక ప్రాజెక్టు నడిచింది. హాస్టళ్లలో ఉన్న పిల్లలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, తర్వాత పార్లమెంటు కమిటీ కూడా గట్టిగా తప్పు పట్టింది. ఆ మధ్యలో జరిగిన మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలింది, ఆ టీకా మంచిదే, అది వేరే సంగతి. కానీ అమ్మకి చెప్పకుండా బిడ్డ మీద పరీక్ష ఏమిటి? అందుకే ఎవరైనా మన ఊరికి వచ్చి ఆయుర్వేదమైనా, ప్రకృతి వైద్యమైనా, ఇంగ్లిష్ మందైనా పరీక్ష చేస్తాం, చేరండి అంటే, ముందు మనకి అర్థమయ్యే భాషలో కాగితం అడగాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేసే హక్కు ఉందా, నష్టం జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు, నీతి కమిటీ ఒప్పుకుందా అని అడగాలి. మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ సి.టి.ఆర్.ఐ. అనే జాబితాలో ముందే నమోదు చెయ్యాలి. అది ఫోన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మన వాళ్ల పిల్లలు డిగ్రీలు చదువుతున్నారు, చూపించమనండి. ముందే ఎందుకు రాయాలంటే, పరీక్ష బాగా రాకపోతే దాచెయ్యకుండా. మనం రుణ ప్రణాళిక ముందే మినిట్స్‌లో రాసుకున్నట్టు.

ఇప్పుడు ఏడో అంశానికి వస్తున్నాను. పొడి యూనిట్ పెడితే పదిహేను మందికి పని దొరుకుతుందని ప్రతిపాదన తెచ్చిన గ్రామ సంఘం అక్కలు చెప్పారు. పని కావాలి, నేను కాదనను. మెంతి పొడి చెయ్యండి, కరివేపాకు పొడి చెయ్యండి, మునగాకు పొడి చెయ్యండి. శుభ్రంగా, ఎండబెట్టి, తూకం సరిగ్గా వేసి, ఆహార భద్రత లైసెన్సు తీసుకుని "మెంతి పొడి" అని రాసి అమ్ముదాం. నేను మొదటి ప్యాకెట్ కొంటాను. నా అభ్యంతరం అంతా నమూనా ప్యాకెట్ మీద రాసిన ఆ ఒక్క లైను మీదే, "షుగర్‌ను పూర్తిగా నయం చేస్తుంది" అని. 1954 నుంచి మన దేశంలో ఒక చట్టం ఉంది, కొన్ని జబ్బుల పేర్లు జాబితా వేసి, వాటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదని. ఆ జాబితాలో మధుమేహం ఉంది. కేసు పడితే సమాఖ్య మీద పడుతుంది.

చట్టం సంగతి పక్కన పెట్టినా, సంతకి వ్యాన్ మీద వచ్చినాయన్ని జనం ఎంతవరకు నమ్ముతారు? మన ముద్ర ఉంటే మాత్రం పూర్తిగా నమ్ముతారు. మా అక్క నమ్మింది ఆ వ్యాను మనిషిని కాదు, నన్ను. ఇది ఆమే నాతో అనింది, కోపంగా కూడా అనలేదు.

మా సంఘంలో ఆ తొమ్మిది వేల అప్పు ఏం చేశామో కూడా చెప్తాను, లెక్క లెక్కే కదా. మిగతా నలుగురు కట్టేశారు. అక్క బాకీ పద్దెనిమిది వందలు నేను కట్టాను. ఆమె ఒప్పుకోలేదు, రెండు మీటింగులు గొడవైంది. ఆఖరికి మినిట్స్‌లో "లీడరు పొరపాటు సలహా వల్ల" అని రాయించాకే ఒప్పుకుంది. ఆ వాక్యం నేనే రాశాను.

ఇప్పుడు ఆరోగ్య ఉపసంఘం తీర్మానం చదువుతున్నాను. సమాఖ్య గానీ, గ్రామ సంఘం గానీ, పొదుపు సంఘం గానీ జబ్బు నయం చేస్తుందని చెప్పే ఏ పొడి, నూనె, కషాయం కొనడానికి "వైద్యం" పేరుతో అప్పు రాసే ముందు పీహెచ్‌సీ డాక్టరు గారిని అడిగి, ఆ మాట మినిట్స్‌లో రాయాలి. సమాఖ్య ముద్ర ఉన్న ఏ ప్యాకెట్ మీదా జబ్బు పేరు ఉండకూడదు. ఏ సభ్యురాలైనా నాటు మందు వాడుతుంటే సిగ్గుపడకుండా ఆశా కార్యకర్తకి, డాక్టరుకి చెప్పాలి, చెప్పినందుకు ఎవరూ ఆమెను తిట్టకూడదు. ఈ చివరి మాట డాక్టరమ్మ గారితో కూడా చెప్పి ఒప్పించాను, ఎందుకంటే మనం దాచేది సగం వాళ్ల తిట్లకి భయపడే.

దీని మీద మీ చర్చ అయ్యాక చేతులెత్తండి. ఒప్పుకోని వాళ్లు కూడా ఎత్తండి, ఆ లెక్క కూడా రాస్తాం.

ఇంకొక్క సంగతి చెప్పి దిగిపోతాను. బడి వరండాలో ఏఎన్ఎం గారు షుగర్, బీపీ చూడడానికి కూర్చుని ఉన్నారు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చిన వాళ్లు భోజనాల ముందే వెళ్లండి. తిని వచ్చిన వాళ్లు తిన్న టైము చెప్పండి, చీటీ మీద ఆ టైము కూడా రాయించుకోండి. మళ్లీ చూపించుకునేటప్పుడు అదే వేళకి రండి. మా అక్క పరగడుపునే వచ్చింది, నడవడం నిదానం, కొంచెం దారి ఇవ్వండి.